సొంతూరి బంధం: ఇగ్బోల గుర్తింపు దేని మీద నిలబడింది?

క్లుప్తంగా

నైజీరియాలోని మూడు పెద్ద జాతుల్లో ఇగ్బోలు ఒకరు. వాళ్లందరికీ కలిపి ఒక రాజు లేడు, ఒక రాజధాని లేదు, నమ్మదగిన జనాభా లెక్క కూడా లేదు. వాళ్లను కలిపి ఉంచుతున్నది తండ్రి వైపు సొంతూరు. 1967–70 అంతర్యుద్ధం, ఆ తర్వాత బలపడిన వ్యాపార శిక్షణ పద్ధతి, నైజీరియా రాజ్యాంగంలోని స్థానికత నిబంధన ఆ బంధాన్ని మరింత బిగించాయి. వెళ్లిన ప్రతిచోటా ఇగ్బోలు పరాయివాళ్లుగా మిగిలిపోవడానికీ చాలావరకు అదే బంధం కారణం. కొందరు ప్రముఖుల జీవితాల్లో ఈ రెండూ కనిపిస్తాయి.

వార్తల్లో ఇగ్బోలు

2025 జూలై చివర్లో ఘనా రాజధాని అక్రాలో జనం ప్లకార్డులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. నైజీరియన్లు తమ దేశం వదిలి వెళ్లాలన్నది వాళ్ల నినాదం. గొడవకు కారణం ఒక పాత వీడియో. ఘనాలో స్థిరపడిన ఇగ్బోలకు తాను రాజునని చెప్పుకునే ఒక పెద్దమనిషి, అక్కడ భూమి తీసుకుని తమకంటూ ఒక పల్లె కట్టుకోవాలని ఏళ్ల కిందట అన్న మాటలు మళ్లీ ఫోన్లలో తిరిగాయి. పరిస్థితి చక్కదిద్దడానికి నైజీరియా ప్రభుత్వం విదేశాంగ సహాయ మంత్రి బియాంకా ఒడుమెగ్వు-ఒజుక్వును అక్రాకు పంపింది. 1967లో నైజీరియా నుంచి విడిపోయి బయాఫ్రా అనే దేశాన్ని ప్రకటించిన నాయకుడు ఒజుక్వు ఆమె భర్తే. ఆయన ఇప్పుడు లేరు.

అదే ఏడాది నవంబర్ 20న అబుజాలోని ఫెడరల్ హైకోర్టు న్నామ్‌డి కాను అనే నాయకుడికి ఉగ్రవాద నేరాల కింద యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన అడుగుతున్నదీ బయాఫ్రానే. మరోవైపు, జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న ఎన్‌గోజీ ఒకోంజో-ఇవేలా కూడా ఇగ్బో కుటుంబంలో పుట్టిన మహిళే. ఒకే జాతి నుంచి కేంద్ర మంత్రి, వేర్పాటువాద ఖైదీ, ప్రపంచ సంస్థ అధిపతి వస్తున్నారు. దూరం నుంచి చూసేవాళ్లకు అసలు ఇగ్బోలంటే ఎవరు, వాళ్లకు కావలసింది ఏమిటన్నది అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

రాజు లేని జాతికి ఇంతమంది రాజులా?

ఇగ్బోల సొంత ప్రాంతం నైజీరియా ఆగ్నేయ భాగం. అబియా, అనాంబ్రా, ఎబోన్యి, ఎనుగు, ఇమో అనే ఐదు రాష్ట్రాల్లో వాళ్లే ఎక్కువ. నైజర్ నదికి పడమట డెల్టా రాష్ట్రంలో, దక్షిణాన రివర్స్ రాష్ట్రంలో కూడా ఇగ్బో మాట్లాడే ఊళ్లు చాలా ఉన్నాయి. మొత్తం ఎంతమంది అంటే మూడు కోట్లకు పైగానే ఉంటారని అంచనా వేస్తారు. కచ్చితమైన లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. 2006 జనాభా లెక్కల్లో జాతి, మతం అడగనేలేదు. నైజీరియాలో ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి సీట్లు, నిధులు పంచుతారు కాబట్టి, ఆ ప్రశ్న అడిగితే గొడవలు తప్పవని ప్రభుత్వాల భయం.

‘ఇగ్బోలకు రాజు ఉండడు’ అని వాళ్లలో పాత మాట ఒకటి ఉంది. ఒనిత్షా, ఒగుటా, న్రీ లాంటి కొన్ని చోట్ల రాజరికం ఉన్న మాట నిజమే. ఎక్కువ ఊళ్లలో మాత్రం నిర్ణయాలు సభలో జరిగేవి. ఇంటి పెద్దలు, బిరుదులు పొందినవాళ్లు, ఒకే ఈడువాళ్ల బృందాలు, మహిళా సంఘాలు, అందరికీ మాట్లాడే చోటు ఉండేది. బ్రిటిష్ పాలకులకు ఈ ఏర్పాటు మింగుడుపడలేదు. పన్ను వసూలు చేయడానికి, కోర్టు నడపడానికి ఊరికొక ‘నాయకుడు’ కావాలి కనుక, ప్రజలు ఎన్నడూ ఎన్నుకోని మనుషులకు పత్రాలిచ్చి అధికారం అప్పగించారు. 1929లో ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న వార్త రావడంతో వేలాది మహిళలు ఈ నాయకుల ఇళ్లను, కోర్టులను ముట్టడించారు. కాల్పుల్లో 50 మందికి పైగా మహిళలు చనిపోయారు. చరిత్రలో దాన్ని ‘మహిళల యుద్ధం’ అంటారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊరికొక పెద్ద కావాలన్న ఆలోచన పోలేదు. 1970ల రెండో సగం నుంచి రాష్ట్ర ప్రభుత్వాలు ప్రతి ‘స్వయంపాలిత సముదాయానికి’ ఒక రాజును అధికారికంగా గుర్తించడం మొదలుపెట్టాయి. గుర్తింపుతో పాటు హోదా వస్తుంది, సముదాయాలు చీలితే రాజుల సంఖ్య పెరుగుతుంది. శతాబ్దాల చరిత్ర ఉన్న ఒనిత్షా గద్దె పక్కనే నిన్నమొన్నటి గద్దెలు వెలిశాయి. (ఒనిత్షా ప్రస్తుత ఓబీ, అంటే రాజు, ఆల్‌ఫ్రెడ్ అచెబే 2002లో గద్దెనెక్కక ముందు షెల్ చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగి.) లాగోస్‌లో, అక్రాలో, ఇతర నగరాల్లో వలస వెళ్లిన ఇగ్బోలు తమ సంఘ నాయకుడికి ‘ఏజే’ అన్న రాజ బిరుదు పెట్టడం ఈ ధోరణికి కొనసాగింపే. లోపలివాళ్ల దృష్టిలో అది సంఘం అధ్యక్షుడికి ఇచ్చే గౌరవం. అషాంటే లాంటి బలమైన రాజవంశాలు ఉన్న ఘనాలో మాత్రం, ఒకరి నేల మీద మరొకరు గద్దె వేసినట్టు వినిపిస్తుంది. అక్రా నిరసనల వెనక ఉద్యోగాల పోటీ, నేరాల మీద కోపం కూడా ఉన్నాయి కానీ, అన్నిటికీ సాకు దొరికింది ఈ బిరుదులోనే. పరాయి నేల మీద ఈ బిరుదు వాడటంపై ఇగ్బోల పెద్ద సంఘం ఓహనేజే ఎన్‌డిగ్బోలోనే అభ్యంతరాలు ఉన్నాయి.

పుట్టింది ఎక్కడైనా ఊరు మాత్రం ఒకటే

ఇగ్బో మనిషిని మీదే ఊరని అడిగితే పుట్టిన ఊరు చెప్పడు, పెరిగిన ఊరూ చెప్పడు. తాత ముత్తాతల ఊరు చెబుతాడు. ఆధునిక ఇగ్బో గుర్తింపు మొత్తం ఈ జవాబు చుట్టూనే అల్లుకుని ఉంది. ప్రముఖుల జీవితాలు చూస్తే ఇది మరింత బాగా తెలుస్తుంది.

స్వతంత్ర నైజీరియా తొలి అధ్యక్షుడు న్నామ్‌డి అజికివే 1904లో ఉత్తరాదిలోని జుంగేరులో పుట్టారు. తండ్రి అక్కడ వలస ప్రభుత్వ సైనిక దళంలో గుమాస్తా. పిల్లవాడి నోట ఉత్తరాదివాళ్ల హౌసా భాషే ముందు పలికింది. కొడుకు తన భాష మరిచిపోతున్నాడన్న బెంగతో తండ్రి అతణ్ణి ఒనిత్షాలోని నాయనమ్మ దగ్గరికి పంపాడు. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, 1933లో, అదే జుంగేరులో ఒజుక్వు పుట్టారు. ఆయన తండ్రి లారీల వ్యాపారంతో దేశంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకరైన లూయిస్ ఒడుమెగ్వు ఒజుక్వు. ఆ కుటుంబం సొంతూరు న్నేవి. కొడుకు లాగోస్‌లోను, ఇంగ్లండ్‌లోను చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర పట్టా తీసుకుని సైన్యంలో చేరాడు. 1966 జనవరి తిరుగుబాటును ముందుండి నడిపిన మేజర్ చుక్వుమా న్జియోగ్వు కడూనాలో పుట్టి పెరిగాడు. ‘కడూనా’ అతని పేరులోనే చేరిపోయింది. నవలాకారిణి బుచి ఎమెచెటా లాగోస్‌లో పుట్టారు, మందుల నియంత్రణతో పేరు తెచ్చుకున్న డోరా అకున్యిలి మకుర్డిలో పుట్టారు.

ఇంతమంది బయట పుట్టడానికి కారణం ఉంది. ఇగ్బో ప్రాంతంలో జనసాంద్రత ఎక్కువ, సాగుభూమి తక్కువ. మిషనరీ బళ్లు వచ్చినప్పుడు చదువును త్వరగా అందుకున్నారు. రైల్వే, పోస్టాఫీసు, ప్రభుత్వ కార్యాలయాలు ఉత్తరాదిలో గుమాస్తాల కోసం వెతుకుతున్న రోజుల్లో చదువుకున్న ఇగ్బోలు సిద్ధంగా ఉన్నారు. వాళ్ల వెనకే వ్యాపారులు వెళ్లారు.

వెళ్లినవాళ్లు ఊరితో తెగిపోకుండా చూసే ఏర్పాట్లు మాత్రం గట్టివి. తండ్రి వైపు దాయాదులందరినీ కలిపే బంధాన్ని ఉమున్నా అంటారు. భూమి పంపకం నుంచి పెళ్లి మాటల దాకా దాని చేతిలో ఉంటాయి. ఊరి సంఘానికి లాగోస్‌లో, లండన్‌లో, హ్యూస్టన్‌లో శాఖలు ఉంటాయి. చందా కట్టనివాడికి ఇంట్లో చావు జరిగితే సంఘం రాదేమోనన్న భయం ఉంటుంది. ఆ చందాలతోనే బళ్లు, ఆస్పత్రులు, రోడ్లు వచ్చాయి, ఎందరో పిల్లలు పై చదువులకు వెళ్లారు. డిసెంబర్‌లో లాగోస్ నుంచి ఆగ్నేయానికి వెళ్లే బస్సులు కిక్కిరిసిపోతాయి. ఆగస్టులో మహిళలు ఊళ్లకు తిరిగి వచ్చి తమ సభ జరుపుకుంటారు. నగరంలో ఎంత పెద్ద మేడ ఉన్నా, ఊళ్లో ఇల్లు కట్టనివాణ్ణి స్థిరపడినవాడిగా లెక్కవేయరు.

చివరికి తేలేది చావు దగ్గర. రచయిత చినువా అచెబే 2013 మార్చిలో అమెరికాలోని బోస్టన్‌లో కన్నుమూస్తే, మే నెలలో ఆయన్ను సొంతూరు ఒగిడిలో ఖననం చేశారు. ఒజుక్వు 2011లో బ్రిటన్‌లో చనిపోయారు. 2012 మార్చిలో న్నేవిలో అంత్యక్రియలు జరిగాయి. ఒకప్పుడు ఆయన ఎవరితో యుద్ధం చేశారో ఆ నైజీరియా సైన్యమే పూర్తి సైనిక గౌరవాలు ఇచ్చింది.

ఇదంతా సంప్రదాయం మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. మిగతా సగం చట్టంలో ఉంది. 1999 నాటి నైజీరియా రాజ్యాంగం కేంద్ర మంత్రివర్గంలో ప్రతి రాష్ట్రం నుంచి కనీసం ఒక ‘స్థానికుడు’ ఉండాలంటుంది. ఉద్యోగాల్లో, పదవుల్లో ప్రాంతాల వారీ సమతూకం పాటించాలంటుంది. ఆ స్థానికత ఎలా తేలుతుంది? తెలుగు రాష్ట్రాల్లో ఎన్నేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. నైజీరియాలో ప్రధానంగా చూసేది తండ్రి తాతల మూలం. లాగోస్‌లో పుట్టి, అక్కడే చదివి, అక్కడే పన్ను కట్టే ఇగ్బో యువతికి స్థానిక ధ్రువపత్రం ఇచ్చేది ఆమె ఎన్నడూ నివసించని అనాంబ్రా పల్లె ఉన్న పాలక మండలమే. సొంతూరిని వదులుకుంటే ఆమెకు దేశంలో ఏ రాష్ట్రమూ మిగలదు.

1966 నుంచి 1970 దాకా

బయట స్థిరపడినవాళ్లకు సొంతూరు ప్రాణం కాపాడే చోటుగా మారిన సందర్భం 1966. ఆ ఏడాది జనవరి 15న కొందరు యువ సైనికాధికారులు తిరుగుబాటు చేసి ప్రధాని తఫావా బలేవాను, ఉత్తర ప్రాంత ప్రధాని అహ్మదు బెల్లోను, మరికొందరిని చంపారు. అధికారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు. చనిపోయిన పెద్ద నాయకుల్లో ఇగ్బోలు లేరు. హతుల్లో ఆర్థర్ ఉనెగ్బె అనే ఇగ్బో సైనికాధికారి ఉన్నా, ‘ఇది ఇగ్బోల కుట్ర’ అన్న ముద్ర పడిపోయింది. అధికారం చేపట్టిన జనరల్ అగుయీ-ఇరోన్సి కూడా ఇగ్బోనే కావడం, ఆయన ప్రాంతాల అధికారాలను రద్దు చేస్తూ మే నెలలో ఉత్తర్వు తేవడం అనుమానాన్ని పెంచాయి. జూలైలో ఎదురు తిరుగుబాటులో ఆయన్ను చంపారు. ఉత్తరాది పట్టణాల్లో ఇగ్బోల ఊచకోతలు జరిగాయి. పది లక్షలకు పైగా జనం చేతికందింది పట్టుకుని తూర్పుకు తిరిగి వచ్చారు.

1967 మే 30న ఒజుక్వు బయాఫ్రాను ప్రకటించారు. జూలైలో యుద్ధం మొదలైంది. దిగ్బంధంతో తిండి అందక పిల్లలు ఎముకల గూళ్లైన ఫొటోలు ప్రపంచాన్ని కదిలించాయి. 1970 జనవరి 15న లొంగుబాటు పూర్తయ్యే సరికి ఐదు లక్షల నుంచి ముప్పై లక్షల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనాలున్నాయి. అంచనాల మధ్య ఇంత తేడా ఉండటమే, ఆ మరణాలను ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదని చెబుతోంది.

‘విజేతలు లేరు, పరాజితులు లేరు’ అని దేశాధినేత గోవాన్ ప్రకటించారు. ప్రతీకార హత్యలు పెద్ద ఎత్తున జరగలేదన్నది ఒప్పుకోవలసిన విషయం. కానీ యుద్ధం గురించి బహిరంగంగా మాట్లాడుకోవడం జరగలేదు. 2009 తర్వాత కొన్నేళ్లపాటు నైజీరియా బళ్లలో చరిత్ర విడి పాఠ్యాంశంగానే లేదు. దాంతో బయాఫ్రా జ్ఞాపకం బడి పుస్తకాల్లో కాకుండా ఇళ్లలో, నవలల్లో, తర్వాత ఇంటర్నెట్ రేడియోల్లో పెరిగింది. నవలా రచయిత్రి చిమమాండా ఎన్‌గోజీ అడిచీ 1977లో, యుద్ధం ముగిసిన ఏడేళ్లకు పుట్టారు. ఆమె తాతలిద్దరూ యుద్ధకాలంలో పోయారు. తాను చూడని యుద్ధం గురించి ఆమె రాయడానికి ఆ ఇంటి జ్ఞాపకమే మూలం. అదే జ్ఞాపకాన్ని న్నామ్‌డి కాను లండన్ నుంచి నడిపిన రేడియోలో పూర్తిగా వేరే పనికి వాడారు.

ఇరవై పౌండ్ల నుంచి సొంత కొట్టు దాకా

యుద్ధం తర్వాత తీసుకున్న ఒక నిర్ణయం ఇగ్బోల ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. బయాఫ్రా కాలంలో బ్యాంకు ఖాతాలు నడిపినవాళ్లకు, అందులో ఎంత డబ్బు ఉన్నా, ఇరవై పౌండ్లు మాత్రమే ఇచ్చారు. 1972లో విదేశీ కంపెనీల వాటాలు, వ్యాపారాలు నైజీరియన్ల చేతికి రావాలని చట్టం వచ్చింది. కొనుక్కునే అవకాశం అందరికీ ఉంది, కానీ ఇగ్బోల చేతిలో డబ్బు లేదు. రివర్స్ రాష్ట్ర రాజధాని పోర్ట్ హార్‌కోర్ట్‌లో వదిలి వచ్చిన ఇళ్లు ‘వదిలేసిన ఆస్తులు’గా పోయాయి.

ఈ పరిస్థితిలో పెద్ద ఆసరా అయ్యింది ‘ఇగ్బా బోయి’ అనే శిక్షణ పద్ధతి. ఇది యుద్ధానికి ముందే ఉన్నా, యుద్ధం తర్వాతే విపరీతంగా విస్తరించింది. పన్నెండు, పదిహేనేళ్ల కుర్రాణ్ణి ఊరివాడో బంధువో అయిన వ్యాపారి దగ్గర పెడతారు. ఆ యజమానిని ‘ఓగా’ అంటారు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పాటు కుర్రాడు ఓగా ఇంట్లోనే ఉంటాడు. తిండి, బట్ట, చోటు దొరుకుతాయి, జీతం ఉండదు. మొదట ఇంటిపని, తర్వాత కొట్టు ఊడ్చి సరుకు మోయడం, ఆ తర్వాత బేరం, చివరికి సరుకు ఎక్కడ చవగ్గా దొరుకుతుందన్న రహస్యం, అంతా చూసి నేర్చుకుంటాడు. గడువు పూర్తయ్యాక ఓగా అతణ్ణి ‘సెటిల్’ చేయాలి, అంటే పెట్టుబడి ఇవ్వాలి. చాలాసార్లు కొట్టు అద్దె, తొలి సరుకు కూడా ఇస్తాడు. బ్యాంకు తనఖా అడిగే చోట ఇక్కడ తనఖాగా నిలిచేది సొంతూరి పరువే. కుర్రాడు దొంగతనం చేస్తే ఊళ్లో తండ్రి తల వంచుకుంటాడు. ఓగా మాట తప్పితే దాయాదుల సభలో జవాబు చెప్పాలి.

లాగోస్‌లోని అలాబా ఎలక్ట్రానిక్స్ మార్కెట్, లడిపో స్పేర్ పార్టుల మార్కెట్, అబాలోని అరియారియా, ఒనిత్షా పెద్ద మార్కెట్, వీటన్నిటి వెనక ఈ పద్ధతి ఉంది. న్నేవికి చెందిన ఇన్నోసెంట్ చుక్వుమా ఇంజినీరింగ్ సీటు రాక స్పేర్ పార్టుల వ్యాపారి దగ్గర పని నేర్చుకున్నారు. విడిభాగాలుగా దిగుమతి చేసిన మోటార్ సైకిళ్లను ఇక్కడ బిగించి చవగ్గా అమ్మారు. 2010లో న్నేవిలో ఆయన ఇన్నోసన్ వాహనాల ఫ్యాక్టరీ ప్రారంభమైంది.

ఈ పద్ధతిని పొగిడేవాళ్లు చెప్పని సంగతులూ ఉన్నాయి. సెటిల్‌మెంట్ సమయం దగ్గరపడగానే దొంగతనం అంటగట్టి కుర్రాణ్ణి గెంటేసిన ఓగాల కథలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. చాలా కాలం ఒప్పందాలు నోటి మాటే. చిన్న వయసులోనే బడి మానేయడం వల్ల ఆగ్నేయ రాష్ట్రాల బళ్లలో అబ్బాయిలు తగ్గిపోయిన కాలం కూడా ఉంది. ఈ లోపాలు నిజం. అయినా, ప్రభుత్వ సాయం, బ్యాంకు అప్పు లేకుండా ఒక తరంలో ఇన్ని కుటుంబాలను పేదరికం నుంచి పైకి తెచ్చిన ఏర్పాట్లు ఆఫ్రికాలో చాలా తక్కువ.

నదికి ఇవతలా అవతలా

తాము ఇగ్బోలమా కాదా అన్న ప్రశ్న పొలిమేర ప్రాంతాల్లోనే గట్టిగా వస్తుంది. ఎన్‌గోజీ ఒకోంజో-ఇవేలా నైజర్‌కు పడమట ఒగ్వాషి-ఉక్వులో 1954లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మనీలో చదువుతున్నప్పుడు తొమ్మిదేళ్ల వరకు ఆ ఊళ్లోనే పెరిగారు. తండ్రి చుక్వుకా ఒకోంజో ప్రొఫెసర్, బయాఫ్రా సైన్యంలో బ్రిగేడియర్, తర్వాత ఆ ఊరి ఓబీ. యుద్ధకాలంలో పదిహేనేళ్ల ఎన్‌గోజీ, మలేరియాతో స్పృహ తప్పుతున్న మూడేళ్ల చెల్లిని వీపున కట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి, ఆస్పత్రి తలుపు దగ్గర జనాన్ని దాటలేక కిటికీ గుండా లోపలికి దూకి డాక్టర్‌కు చూపించారు. హార్వర్డ్, ఎంఐటీ, ప్రపంచ బ్యాంకు, రెండుసార్లు నైజీరియా ఆర్థిక మంత్రి పదవి, 2021 మార్చి నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ: ఆమె ప్రయాణం అందరికీ తెలిసిందే. జాతి లెక్కలో ఆమె ఇగ్బో, రాష్ట్రం లెక్కలో డెల్టా. పదవుల కోటాలో ఆమె ఆగ్నేయం ఖాతాలోకి రారు.

పడమటి ఊళ్ల మీద బెనిన్ రాజ్యం ప్రభావం ఉంది, అందుకే కొందరు తమను ‘అనియోమా’ అని విడిగా చెప్పుకుంటారు. అయినా 1967 అక్టోబర్‌లో ఫెడరల్ సైన్యం నది పడమటి ఒడ్డున ఉన్న అసాబాలో వందలమంది పురుషులను కాల్చి చంపినప్పుడు ఈ తేడాలు ఎవరూ చూడలేదు. వాళ్లు తెల్లబట్టలు కట్టుకుని ‘ఒకే నైజీరియా’ అంటూ స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్లు. రివర్స్ రాష్ట్రంలో పరిస్థితి వేరు. అక్కడి ఇక్వెర్రే భాషను భాషావేత్తలు ఇగ్బో కుటుంబంలోనే లెక్కిస్తారు. కానీ ఇక్వెర్రే రచయిత ఎలెచి అమాడి బయాఫ్రా చేతుల్లో నిర్బంధం అనుభవించి, ఫెడరల్ పక్షాన నిలిచి, తాము ఇగ్బోలం కామని జీవితాంతం వాదించారు. యుద్ధం తర్వాత ఓడిన పక్షం పేరు మోయడం వల్ల నష్టమే తప్ప లాభం లేదన్న లెక్క కూడా అప్పట్లో ఇలాంటి వాదన వెనక ఉంది. ఆ లెక్క ఒక్కటే కారణం అనడం మాత్రం ఇక్వెర్రేలకు అన్యాయం చేయడమే. తూర్పు ప్రాంతంలో ఇగ్బోల ఆధిపత్యం మీద చిన్న జాతుల ఫిర్యాదులు యుద్ధానికి ముందు నుంచీ ఉన్నాయి.

భాష సంగతి

2025 నాటికి ఇగ్బో భాష అంతరిస్తుందన్న జోస్యం ఏళ్ల తరబడి తిరిగింది. అది నిజం కాలేదు. కానీ నగరాల్లోని చదువుకున్న ఇళ్లలో పిల్లలతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడటం వాస్తవం. దీనికి పాత కారణాలు ఉన్నాయి. మిషనరీలు ఐదు మాండలికాలను కలిపి 1913లో తెచ్చిన బైబిల్ భాష ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని భాష. లిపి మీద తగవు దశాబ్దాలు నడిచి 1961లో గాని తేలలేదు. అచెబే నవలలు ఇంగ్లిష్‌లో రాసినా, ఈ కలగూర భాషను చివరిదాకా వ్యతిరేకించారు. 1999లో ఓవెర్రీలో ఇచ్చిన ప్రసంగాన్ని తన మాండలికంలోనే చేశారు. సినిమాలోనూ ఇదే జరిగింది. 1992లో వీడియో సినిమా వ్యాపారాన్ని మలుపు తిప్పిన తొలి విజయం ఇగ్బో భాషలోనే వచ్చింది. దాని నిర్మాత కెనెత్ న్నెబ్వే క్యాసెట్ల వ్యాపారి. రెండేళ్లకే మార్కెట్ పెద్దదవుతుందని ఆయన ఇంగ్లిష్‌కు మారారు. డబ్బు, మనుషులు, నటులు ఇగ్బోలవే, మాట మాత్రం ఇంగ్లిష్‌ది. ఈ మధ్య ఫినో లాంటి ర్యాపర్లు, ఫ్లేవర్ లాంటి గాయకులు ఇగ్బోలో పాడి దేశమంతా పేరు తెచ్చుకోవడం బడి చేయలేని పని చేస్తోంది.

అకున్యిలి కుటుంబం

ఇగ్బో గుర్తింపులోని సంఘర్షణలన్నీ ఒకే ఇంట్లో చూడాలంటే అకున్యిలిల కథ చాలు. ఫార్మసీ ప్రొఫెసర్ డోరా అకున్యిలి 2001లో నైజీరియా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు అధిపతి అయ్యారు. అంతకు ముందు 1988లో ఆమె చెల్లెలు నకిలీ ఇన్సులిన్ వల్ల చనిపోయింది. నకిలీ మందుల మీద ఆమె చేసిన పోరాటంలో భారత్, చైనాల నుంచి సరుకు పంపే కొన్ని కంపెనీల మీద నిషేధాలు పడ్డాయి. అయితే అన్నిటికన్నా కష్టమైన పోరాటం సొంతవాళ్లతోనే. మందుల టోకు వ్యాపారంలో ఎక్కువమంది ఇగ్బోలు. 2003లో ఆమె కారు మీద కాల్పులు జరిగాయి, తూటా తలపాగాను చీల్చుకుంటూ పోయింది. 2007లో ఒనిత్షాలోని పెద్ద మందుల మార్కెట్‌ను ఆమె సంస్థ నెలల తరబడి మూయించింది. ‘సొంత మనిషే కడుపు కొట్టింది’ అన్నవాళ్లు ఉన్నారు. తోబుట్టువును వెనక వదిలేయొద్దని చెప్పే సంస్కృతిలో ఆమె తీసుకున్న నిర్ణయం విలువ తక్కువది కాదు. ఎందుకంటే, ఆ మందులు మొదట మింగేది కూడా సొంతవాళ్లే.

ఆమె 2014 జూన్‌లో క్యాన్సర్‌కు చికిత్స పొందుతూ భారత్‌లోనే చనిపోయారు. 2021 సెప్టెంబర్‌లో, ఆమె జ్ఞాపకార్థం ఒనిత్షాలో జరిగిన కార్యక్రమం నుంచి తిరిగి వెళ్తుండగా ఆమె భర్త డాక్టర్ చికె అకున్యిలిని సాయుధులు కాల్చి చంపారు. ఆగ్నేయంలో వేర్పాటు పేరుతో, బందిపోటు ముఠాల పేరుతో హింస పెరిగిన రోజులవి. కూతురు న్జిడెకా అకున్యిలి క్రాస్‌బీ పదహారేళ్ల వయసులో అమెరికా వెళ్లి చిత్రకారిణి అయ్యారు. 2017లో అమెరికాలో ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. లాస్ ఏంజెలెస్ ఇంటి గదుల్లో ఎనుగు కుటుంబ ఫొటోలు, నైజీరియా పత్రికల బొమ్మలు కలిసిపోయే ఆమె చిత్రాల్లో, కొన్నిచోట్ల తల్లి ముఖం అచ్చువేసిన బట్ట కూడా కనిపిస్తుంది.

లోపలి నుంచి వస్తున్న మార్పు

సొంతూరి బంధం అందరికీ సమానంగా లేదు. దేవతలకు అంకితమైనవాళ్ల వారసులన్న పేరుతో ‘ఒసు’ కుటుంబాలను శతాబ్దాలుగా వెలిగా ఉంచారు. అజికివే తూర్పు ప్రాంత ప్రధానిగా ఉన్నప్పుడు, 1956లో, దాన్ని చట్టం రద్దు చేసింది. పెళ్లి మాటల దగ్గర మాత్రం ఇప్పటికీ ఆరా తీస్తారు. ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో వాటా లేదన్న ఆచారం రాజ్యాంగ విరుద్ధమని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు ఉన్నా, దాయాదుల మీద కోర్టుకెక్కే కూతుళ్లు తక్కువే. 2022 డిసెంబర్‌లో అబ్బా ఊరు అడిచీకి బిరుదు ఇచ్చింది. ఆ ఊళ్లో అలాంటి గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. స్త్రీవాదిగా ప్రపంచానికి తెలిసిన రచయిత్రి తండ్రి ఊరి బిరుదును సంతోషంగా తీసుకోవడంలో వైరుధ్యం లేదు. బంధాన్ని తెంచుకోకుండా దాని నియమాలు మార్చడమే ఇగ్బో మహిళల్లో చాలామంది ఎంచుకున్న దారి.

రాజకీయం ఎటు?

1966లో అగుయీ-ఇరోన్సి హత్య తర్వాత ఇగ్బో వ్యక్తి దేశాధినేత కాలేదు. 1979–83 మధ్య అలెక్స్ ఎక్వుయెమె ఉపాధ్యక్షుడిగా ఉండటమే దగ్గరి మెట్టు. దేశాన్ని ఆరు మండలాలుగా లెక్కిస్తారు. మిగతా మండలాలకు ఆరేసి రాష్ట్రాలు, వాయవ్యానికి ఏడు ఉంటే, ఆగ్నేయానికి ఐదే. అంటే సెనేటర్లు, మంత్రులు, నిధులు అన్నీ ఆ మేరకు తక్కువ. ఈ అసంతృప్తి రెండు దారులు పట్టింది.

మొదటిది ఓటు దారి. ఒనిత్షాలో వ్యాపార కుటుంబంలో పుట్టి, అనాంబ్రా గవర్నర్‌గా పనిచేసిన పీటర్ ఒబి 2023 అధ్యక్ష ఎన్నికల్లో దాదాపు 61 లక్షల ఓట్లతో మూడో స్థానంలో నిలిచారు. ఆయన జాతి పేరు ఎత్తకుండా పాలన, పొదుపు గురించి మాట్లాడారు, నగర యువత వెంట నడిచింది. ఆ ఎన్నికల్లో గెలిచిన బోలా టినుబు సొంత కోట అయిన లాగోస్ రాష్ట్రంలో కూడా ఒబికే ఎక్కువ ఓట్లు వచ్చాయి. మూడు వారాల్లోనే దానికి ఎదురుదెబ్బ తగిలింది. మార్చిలో జరిగిన లాగోస్ గవర్నర్ ఎన్నికల్లో ఒబి పార్టీ అభ్యర్థి గ్బాడెబో రోడ్స్-వివర్ లాగోస్ ప్రాంతపు యోరుబా జాతివాడే అయినా, తల్లి ఇగ్బో అని, పేరులో ‘చినెడు’ ఉందని ప్రచారం చేశారు. ఇగ్బోలుగా కనిపించినవాళ్లను కొన్ని చోట్ల ఓటు వేయనివ్వలేదు. తండ్రి ఊరి లెక్కే చూస్తే ఆయన నిక్కమైన లాగోస్ మనిషి. కోపం ఉన్నచోట ఆ లెక్క కూడా పనిచేయలేదు.

రెండోది వేర్పాటు దారి. 2017లో ప్రభుత్వం కాను సంస్థను ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. 2021 జూన్‌లో ఆయన్ను కెన్యా నుంచి తీసుకువచ్చాక, ఆగస్టు నుంచి ప్రతి సోమవారం ఇంట్లోనే ఉండాలన్న పిలుపు వచ్చింది. సంస్థ తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నా, తుపాకుల భయంతో అది ఏళ్ల తరబడి సాగింది. ఫిన్లాండ్ నుంచి హింసను రెచ్చగొట్టిన సైమన్ ఎక్పాకు అక్కడి కోర్టు 2025 సెప్టెంబర్‌లో ఆరేళ్ల శిక్ష వేసింది. ఈ బంద్‌లలో ఎక్కువ నష్టపోయింది ఒనిత్షా, అబా, న్నేవి వ్యాపారులే. ఇరవై పౌండ్ల నుంచి మొదలుపెట్టి కట్టుకున్న మార్కెట్లను బయాఫ్రా పేరుతోనే మూయించడం ఈ ఉద్యమం చేసిన పెద్ద తప్పు. కానుకు పడిన శిక్షతో ఆగ్రహం చల్లారుతుందని అనుకోవడానికీ ఆధారం లేదు. రాష్ట్రాల లెక్క, పదవుల లెక్క, చెప్పుకోని యుద్ధం, ఈ మూడూ అలాగే ఉన్నాయి.

ముందు ముందు గమనించవలసినవి రెండు. మొదటిది స్థానికత నిబంధన. తండ్రి ఊరికి బదులు నివాసాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న వాదన నైజీరియా రాజకీయాల్లో చాలాకాలంగా ఉంది. దానికి చట్టబద్ధత వస్తే లాగోస్‌లో పుట్టిన ఇగ్బో తరం అక్కడి మనుషులుగానే ఓటు, ఉద్యోగం, పదవి అడగగలుగుతుంది. రాకపోతే, తరం మారినా అతిథి హోదాయే మిగులుతుంది, ఎన్నికలు వచ్చినప్పుడల్లా 2023 నాటి టెన్షన్ తిరిగి వస్తుంది. రెండోది ఆగ్నేయంలో భద్రత. కిడ్నాప్‌ల భయంతో కొన్ని కుటుంబాలు పెళ్లిళ్లను, సంతాప కార్యక్రమాలను ఊళ్లో జరపడం మానేసి లాగోస్‌కో, నది దాటి అసాబాకో మార్చుకున్నాయి. డిసెంబర్‌లో ఊరికి రావడం తగ్గితే సంఘానికి చందా తగ్గుతుంది, కుర్రాళ్లను పనిలో పెట్టే పరిచయాలు తగ్గుతాయి, ఊళ్లో ఇల్లు కట్టే ఉత్సాహం తగ్గుతుంది. యుద్ధం కూడా తెంచలేని బంధాన్ని రోడ్ల మీది భయం మెల్లగా సడలిస్తోంది. ఐదు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఇంతకన్నా అత్యవసరమైన పని మరొకటి లేదు.